ఆకు అడుగున దాచుకున్న పిల్లలు

ఒకప్పుడు ఫెర్న్ మొక్క తన పిల్లలను ఆకు పైనే పెట్టుకునేది. పువ్వూ లేదు, కాయా లేదు పాపం. ఉన్నదల్లా చిటికెడు పొడి. దాని పిల్లలన్నీ ఆ పొడిలోనే ఉండేవి.

ఏం లాభం? ఏటా వాన వచ్చి కడిగి పారేసేది. చివరికి కొండవాగు పక్కన ఒకే ఒక్క ముసలి ఫెర్న్ మిగిలింది. దానికీ ఒక్క ఆకే మిగిలింది.

"వానా, నీకు దండం పెడతాను. ఈ ఒక్క ఏడాదీ నా ఆకు మీద పడకు," అని బతిమాలింది.

"బాగుందమ్మా వరస! నేను పడకపోతే నువ్వు తాగేదేంటి?" అంది వాన.

అదీ నిజమే. ఫెర్న్‌కి ఏడుపొచ్చింది. "గాలీ, నువ్వైనా నా పిల్లల్ని ఎక్కడికైనా మోసుకుపో."

"తడిసిన పొడి నాకు లేవదు తల్లీ. పొడిగా ఉంచు, ఎంత దూరమైనా తీసుకెళ్తాను."

వాగు ఒడ్డునే చిలకమ్మ అవ్వ గుడిసె. మబ్బు పట్టగానే అవ్వ వాకిట్లో ఆరేసిన విత్తనం కంకులు గబగబా ఎత్తింది. పొయ్యి పైన, కప్పు కింద, వాసాలకు వరసగా వేలాడదీసింది. తలుపులోంచి ఫెర్న్ అంతా చూసింది.

"అవ్వా, విత్తనాలు కప్పు కింద కడతావేం?"

"ఓసి పిచ్చిదానా! కప్పు మీద పెడితే నీళ్లపాలు కావూ? తడిసే పని కప్పుది. అయినా అంత ఆకు పెట్టుకుని నువ్వెందుకే ఏడుస్తావు?"

"అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది ఫెర్న్. పిల్లలన్నిటినీ ఆకు అడుక్కి లాక్కుని, అవ్వ కంకుల్లాగే వరసగా అంటించుకుంది. అవ్వ పొయ్యి పొగ తగిలి అవి గోధుమరంగుకు తిరిగాయి.

వాన దబదబా కురిసింది. ఆకు పైన నీళ్లు జారిపోయాయి. అడుగున ఒక్క చుక్క లేదు! ఫెర్న్ ఆనందం పట్టలేక ఊగిపోయింది. ఎండ రాగానే గాలి వచ్చి పొడిని ఎత్తుకుపోయింది.

ఒకటి రాతి పగులులో మొలిచింది. నెమలి పించంలా ఉందని అవ్వ దాన్ని మయూరశిఖ అంది. ఒకటి చెట్టు కొమ్మెక్కింది, ఒకటి బావి గోడ పట్టుకుంది. ఇంకొకటి వాగు దగ్గరే మొలిచింది; చుట్ట చుట్టుకున్న దాని లేత ఆకులను అవ్వ కూర వండుకుంది. ఇన్ని రకాలకు పేర్లు పెట్టలేక అవ్వకు నోరు నొప్పి పుట్టింది.

ముసలి ఫెర్న్ వాటన్నిటినీ చూసుకుంది. ఆ తర్వాతే తన చివరి ఆకును ఎండిపోనిచ్చింది.

అప్పటినుంచే ఫెర్న్ తల్లులన్నీ పిల్లల్ని ఆకు అడుగున, గోధుమరంగు చుక్కల్లా, తడవకుండా దాచుకుంటున్నాయి.