గుక్కెడు నీళ్లివ్వని ఊరు

అనగనగా అంటే ఎప్పుడని పిల్లలు అడుగుతారు. ఈ కథకి తిథి, వారం కూడా ఉన్నాయి. వికారి నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ పంచమి, గురువారం. తెల్లవారుజామున మబ్బులు కమ్మాయి, ఒకసారి ఉరిమింది, చినుకు పడకుండానే తేలిపోయాయి. పొద్దెక్కేసరికి ఇసుకలో కాలు పెట్టలేనంత ఎండ.

ఆ రోజు దిగువపాలెంలో ఎవరికీ ముద్ద దిగలేదు. రాజుగారి పరీక్షాధికారి వస్తున్నాడు.

ఎందుకు వస్తున్నాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మల్లెలదుర్గం రాజ్యంలో చిన్నేరు అని ఒక ఏరు. దాని ఒడ్డున కుబేరయ్య అనే వర్తకుడికి తొమ్మిది నీలిమందు తొట్లు ఉండేవి. నీలిరంగు చాలా మంచి రంగు. చీర అంచుకి పట్టిందంటే అమ్మ కట్టి, కూతురు కట్టినా వెలిసిపోదు. రంగులో తప్పేమీ లేదు. అద్దకం అయ్యాక అడుగున మిగిలే మడ్డి ఉంటుంది చూడండి, దాన్ని కుబేరయ్య పన్నెండేళ్లపాటు ఏట్లోకే వదిలాడు. చేపలు తేలాయి. చూడి గేదెలు ఈసుకుపోయాయి. పసిపిల్లలకి కడుపునొప్పులు పట్టుకున్నాయి.

రాజు విచారించి అయిదువేల వరహాలు జరిమానా వేశాడు.

"ఖజానాలో వేయించమంటారా ప్రభూ?" అన్నాడు మంత్రి.

"పాడైంది ఏరు. ఆ సొమ్ము ఏటి ఒడ్డు ఊళ్లది," అన్నాడు రాజు.

ఊళ్లు మూడు. ఎవరికివ్వాలి? మంత్రి పోటీ పెట్టాడు. ఏం కట్టుకుంటారో ప్రతి ఊరూ అర్జీ రాసుకోవాలి. పరీక్షాధికారి అనంతభట్టు ఊరూరా వెళ్లి చూసి మార్కులు వేస్తాడు. అర్జీ రాసిన తీరుకి ఇన్ని, పనికి ఇన్ని, ఊరి మర్యాదకి ఇన్ని. అర్జీలో లేని మాట ఎవరూ నోటితో చెప్పకూడదు. సిఫార్సులు జరగకుండా పెట్టిన నియమం అది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు.

మొదట ఎగువపాలెం. ఆ ఊరు తొట్లకి ఎగువన ఉంది, మడ్డి చుక్క కూడా అక్కడికి చేరదు. వాళ్లు ఏటికి రాతి మెట్లూ, అటూ ఇటూ రాతి ఏనుగులూ అడిగారు. పన్నెండు తాటాకుల అర్జీ, చివర రెండు పద్యాలు. అనంతభట్టుకి వెండి గ్లాసులో పానకం ఇచ్చారు.

తరవాత నడిమిపాలెం. ఆ ఊళ్లో తొమ్మిది లోతు బావులున్నాయి. వాళ్లు నాటకాలాడుకోవడానికి మండపం అడిగారు. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఇచ్చారు.

చివరిది దిగువపాలెం, చేపలు పట్టేవాళ్ల ఊరు. చదువొచ్చినవాళ్లు లేరు. సంతలో ఒక రాయసగాడికి ఎండుచేపల బుట్ట ఇస్తే ఒక్క వాక్యం రాసిపెట్టాడు: మాకు మంచినీళ్ల బావి కావాలి.

ఊరికి పెద్దదిక్కు నూకాలు అనే ముసలామె. కోడలు పైడమ్మ ఇరవై రోజుల బాలింత. రెండు కోసుల దూరంలో కొండ ఊట ఉంది. అక్కడినుంచి రోజూ ఒక కడవ మోసుకొస్తారు. ఆ నీళ్లు బాలింతలకీ పసివాళ్లకీ మాత్రమే. మిగిలినవాళ్లు ఏటి నీళ్లే వడకట్టుకు తాగుతారు.

"అత్తా, ఎండలో పడి వస్తాడు. ఏం నీళ్లిద్దాం?" అంది పైడమ్మ.

"నిన్నటినుంచీ నాకదే దిగులే."

"ఏటి నీళ్లు కాచి ఇద్దామా?"

"కాస్తే మడ్డి పోతుందా? కన్నవాళ్లున్న మనిషి. జబ్బు పడితే ఆ ఉసురు మనకే."

"పోనీ నా ఊటనీళ్లిచ్చెయ్. ఒక పూట ఓర్చుకుంటాను."

"నువ్వు ఓర్చుకుంటావు. ఆయన చల్లగా తాగి, ఈ ఊళ్లో నీళ్లు బాగానే ఉన్నాయని రాసుకుంటాడు. అప్పుడో?"

పొరుగింటి సింహాద్రి గడప దగ్గర నిలబడి వింటున్నాడు. "తాటిముంజలిద్దాం పెద్దమ్మా. నీళ్ల గొడవే ఉండదు."

"ముంజలు ఎప్పుడో ముదిరిపోయాయిరా, నీ బుర్రలాగే."

ఎవరూ నవ్వలేదు. ఈసారి బావి రాకపోతే వానల్లోపు ఊరు ఖాళీ చెయ్యాలని అప్పటికే అనుకున్నారు.

అనంతభట్టు వచ్చాడు. చాప మీద కూర్చున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. చెంబు కోసం ఇటు చూశాడు, అటు చూశాడు. మూలన తోమిన రాగి చెంబు బోర్లించి ఉంది. ఎవరూ కదల్లేదు.

"బాబూ, నీళ్లు..." అని మొదలుపెట్టింది నూకాలు.

అనంతభట్టు చెయ్యి ఎత్తాడు. "అర్జీలో లేని మాట చెప్పకూడదు. నియమం."

ఆయన కాసేపు చూశాడు, ఏదో రాసుకున్నాడు, లేచి వెళ్లిపోయాడు.

"ఏం రాశాడత్తా?"

"చదవడమొస్తే నాకీ బాధెందుకే?"

మూడు రోజులు గడిచాయి. సింహాద్రి ఇంటికప్పు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు సభకి రమ్మని కబురొచ్చింది.

అనంతభట్టు చదివాడు. ఎగువపాలేనికి తొంభై రెండు. నడిమిపాలేనికి ఎనభై ఎనిమిది. దిగువపాలేనికి ముప్పై ఒకటి.

"మర్యాదకి సున్న వేశాను ప్రభూ. మండుటెండలో వెళితే గుక్కెడు మంచినీళ్లివ్వలేదు."

సభలో గుసగుసలు రేగాయి. రాజు నూకాలు వైపు చూశాడు.

"నిజమేనా అవ్వా?"

"నిజమే దొరా."

"ఎందుకివ్వలేదు?"

"ఏటి నీళ్లిస్తే బాబుకి జబ్బు చేస్తుంది. బాలింత నీళ్లిస్తే మా ఊళ్లో మంచినీళ్లున్నాయని అబద్ధం చెప్పినట్టవుతుంది. చెప్పబోతే నియమమన్నారు. ఇంటికొచ్చినవాళ్లకి నీళ్లివ్వడం మా ఊళ్లో మానేసి నాలుగేళ్లయింది దొరా. ఇవ్వగలిగితే మీ దగ్గరికి బావి కోసం ఎందుకొస్తాను?"

అనంతభట్టు తల దించుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. దాహం వేసింది, కారణం అడగలేదు, అంతే.

"నీళ్లు లేని ఊరికి, నీళ్లివ్వలేదని సున్న వేశాం," అన్నాడు రాజు. "భట్టుగారూ, మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా నిజమైన అర్జీ ఆ సున్నే. సొమ్మంతా దిగువపాలేనికి. బావి తవ్వించండి. తొట్లకీ ఏటికీ మధ్య మడ్డి దిగడానికి మూడు గుంటలు తవ్వించండి."

అలాగే చేశారు. ఆ ఏడు సింహాద్రి ఇంటికప్పు తాళ్లు మళ్లీ బిగించుకున్నాడు.

చాలా ఏళ్ల తరవాత నూకాలు పోయింది. ఇల్లు కొడుక్కి వచ్చింది. రాగి చెంబు మనవరాలికి, అంటే ఆనాటి ఇరవై రోజుల పసిదానికి వచ్చింది. వాకిట్లోకి ఎవరొచ్చినా ఆ పిల్ల ముందు చెంబు నింపేది. బావి ఎవరి వాటాకీ రాలేదు, అది ఊరిది. కుబేరయ్య కొడుక్కి తొమ్మిది తొట్లతోపాటు ఏటా ఆ మూడు గుంటల పూడిక తీసే పని కూడా వచ్చింది. ఎగువపాలేనికీ నడిమిపాలేనికీ ఏమీ రాలేదు.

నష్టానికి వచ్చిన సొమ్ము ముందు నష్టపోయినవాళ్లది. పంచేవాడు అర్జీలో అందం చూసే ముందు వాళ్ల ఇంట్లో చెంబు ఎందుకు బోర్లించి ఉందో అడగాలి.