త్రినాథ్ సర్దిన వరస

త్రినాథ్ చెయ్యి పడితే ఏ పోస్టయినా ముత్యాల్లా తయారయ్యేది. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేవాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో అతను మోడరేటర్. కొత్తవాళ్లు కోడ్‌ని ఎలా పడితే అలా అతికించి సాయం అడుగుతారు. దాన్ని విడిగా పెట్టెలో పెట్టి చదవడానికి వీలుగా చెయ్యడం అతని పని. అంతటితో ఊరుకోడు. వంకరగా ఉన్న వరస కనిపిస్తే చెయ్యి ఆగదు, సర్దేస్తాడు.

ఒకరోజు కోపంగా ఖాజా మాస్టారి దగ్గరికొచ్చాడు. ఫోరం పెట్టిందీ, అతనికి పని నేర్పిందీ ఆయనే. పుష్పలీల అనే పాలిటెక్నిక్ పిల్ల వారం రోజుల వాన కూడే ప్రోగ్రాం రాసిందట, కూడితే వచ్చే మొత్తం తప్పుగా ఉంటోందట. ఫోరంలో ఉన్న ఆ కోడ్‌ని నడిపి చూసినవాళ్లందరికీ సరిగ్గానే వచ్చింది. కళ్లజోడు మార్చుకోమని ఒకరు వెక్కిరించారు కూడా. అయినా ఆ పిల్ల తగ్గలేదు.

"మీరెంతమంది చెప్పినా సరే, నాకు తప్పే వస్తోంది. అబద్ధమాడానని మాత్రం ఒప్పుకోను" అని రాసింది.

క్షమాపణ చెప్పకపోతే ఫోరంలోంచి తీసేస్తానన్నాడు త్రినాథ్. తీసేస్తే ఆ పిల్లకి అడగడానికి ఇంకో చోటు లేదు. వాళ్ల కాలేజీలో పైథాన్ చెప్పేవాళ్లే లేరు.

ఆ మాటే ఫోరంలో మోడరేటర్లకి మాత్రమే కనిపించే పేజీలో రాయమన్నారు మాస్టారు. త్రినాథ్ రాశాడు: "ఈ అమ్మాయి మొండిది. అబద్ధాలాడుతోంది. తీసెయ్యాలి."

మాస్టారు దాన్ని తెరిచి కాస్త దిద్దారు. ఇప్పుడు అక్కడ, త్రినాథ్ పేరు కిందే, ఇలా ఉంది: "ఈ అమ్మాయి పట్టుదల గలది. నిజం చెబుతోంది. ఉండనివ్వాలి."

"నేను రాసింది ఇది కాదు మాస్టారూ."

"చూడ్డానికి బాగాలేదు నాయనా. సర్దాను."

"సర్దడమా ఇది? నా మాటే మార్చేసి నా పేరు పెడితే ఎలా? నేనొప్పుకోను."

"ఒప్పుకోవద్దు" అన్నారు మాస్టారు.

పుష్పలీల రాసిందీ ఆ మాటేనని త్రినాథ్‌కి అప్పుడు తట్టింది.

పైథాన్‌లో వరస ముందు వదిలే ఖాళీకి కూడా అర్థముంటుంది. మొత్తం చెప్పమనే వరస కాస్త లోపలికి జరిగిందనుకోండి, మొదటిరోజు వాన కూడగానే ప్రోగ్రాం జవాబు చెప్పేసి ఆగిపోతుంది.

అతను పుష్పలీల పోస్టు తెరిచి తన దిద్దుబాటు తీసేశాడు. ఆ వరస లోపలికి జరిగే ఉంది. దాన్ని ముట్టుకోకుండా కోడ్ మొత్తాన్ని పెట్టెలో పెట్టి నడిపాడు.

తప్పే వచ్చింది.

ఆ పిల్లని అడిగిన క్షమాపణ తనే రాయడానికి కూర్చున్నాడు.