ఉల్లిపొరలో సాయంకాలం

పోయిన ఆదివారం చారుమతి ఉపన్యాసం సగంలో ఉండగానే జనమంతా లేచి మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆమె సామాన్యురాలా! ఒక జీవకణం రెండుగా చీలే క్షణాన్ని రంగులద్ది ఫోటో తీస్తే, సముద్రాల అవతల పండితులు కుర్చీలు తన్నేసి మరీ లేచి నిలబడ్డారు. అట్లాంటి మనిషిని గుంటూరు బజారు ఒక్క బజ్జీ వాసనకి మరిచిపోయింది.

ఆమె గురువు దేవసహాయం మాస్టారు. వారమంతా ల్యాబులో కణాల మధ్యే ఉంటారు. ఆదివారం సాయంత్రం మాత్రం మైక్రోస్కోపు చంకన పెట్టుకుని బజారుకొస్తారు. కణం ఎవడబ్బ సొత్తూ కాదని ఆయన వాదన. ఆయన నోరు తెరిస్తే పెళ్ళి ఊరేగింపులు దారి మళ్ళించుకుని ఇటే వచ్చేవి. గుర్రం మీది పెళ్ళికొడుకు దిగొచ్చి వరసలో నిలబడేవాడు. ఒకసారి మాచర్ల రైలు పచ్చజెండా ఊపినా కదల్లేదు. తీరా చూస్తే డ్రైవరు ఇక్కడ అమీబాని చూస్తున్నాడు!

"సార్, ఇవాళ కూడా జనం పోయారంటే ఇంక నేను బజారుకి రాను. నాకు ల్యాబు చాలు," అంది చారుమతి, ఈ ఆదివారం బజారులో మైక్రోస్కోపు దించగానే.

"పోయినసారి ఏం చెప్పావమ్మా?"

"అన్నీ చెప్పాను సార్. కణమంటే కోట అన్నాను. రాజుగారు, సైన్యం, వంటశాల, ధాన్యం కొట్లు... ఒక్కటీ వదల్లేదు. గొంతు కూడా బాగా పెంచాను."

బజ్జీల మస్తానమ్మ బండి వెనక నుంచే అందుకుంది. "మాస్టారూ, ఇయ్యాళ కూడా ఆ అమ్మాయి చేతే చెప్పించండి. మీరు మొదలెడితే నా పిండి పులిసిపోతది. ఆ తల్లి మాట్టాడిందంటే గంపెడు బజ్జీలు చిటికెలో ఖాళీ!"

చుట్టూ నవ్వులు. చారుమతి చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు నవ్వలేదు. "మస్తానమ్మా, ఓ ఉల్లిపాయ ముక్క ఇటు పడేయ్," అన్నారు.

ముక్క లోపలి పొరని గోటితో మెల్లగా లాగారు. ఆ గోటి ముందు కంసాలి పట్టకారు దండగ. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చటి పొర. దాన్ని గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి, "చూడు," అన్నారు.

చారుమతి అలవాటుగా మైక్రోస్కోపు దీపాన్ని పూర్తిగా పెంచి కన్ను ఆనించింది. ల్యాబులో ఆమె చూసేవన్నీ రంగులద్దినవి. వాటికి ఎంత వెలుగైనా చాలదు. రంగు లేని పచ్చి కణం కంటబడి ఎన్నాళ్ళయిందో.

"ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదు సార్. ఉత్త వెలుగు."

"అయితే ఇంకాస్త పెంచు."

"ఇంక పెరగదు సార్. కళ్ళు మండుతున్నాయి."

మాస్టారు చెయ్యి చాచి, గాజుపలక కింద వెలుగు దారిని కుదించే చిన్న మీటని పక్కకి జరిపారు. అంతే.

అద్దంలో పొద్దు వాలింది.

మొదట ఏమీ లేదు. తరవాత, మంచులోంచి ఊరు తేలినట్టు, సన్నటి గోడలు తేలాయి. పొడుగాటి గదులు, గది పక్కన గది. ఒక గదిలో ఏదో కదిలింది. నలుసంత గింజలు, కనబడీ కనబడని దారాల వెంట, తెడ్డు చప్పుడు లేని పడవల్లా సాగిపోతున్నాయి. ఎవరూ వాటిని తొందరపెట్టడం లేదు. గోడ దాకా వెళ్ళి, ఒరుసుకుంటూ మలుపు తిరిగి, మళ్ళీ బయలుదేరుతున్నాయి. బజారు గోల ఎక్కడో అడుగున, నీళ్ళ కింద, కరిగిపోయింది. చారుమతికి తనకో శరీరం ఉందన్న సంగతే గుర్తు లేదు. ఆ మాటకొస్తే, ఆ పూట గడియారపుస్తంభం ముల్లు కూడా ఆగే ఉంటుంది.

"ఏందే తల్లీ, అంతగా చూస్తన్నావ్?"

మస్తానమ్మ. చేతుల నిండా శనగపిండి.

చారుమతి తలెత్తింది. నాలుక చివర కోట సిద్ధంగా ఉంది. రాజుగారు కిరీటం సర్దుకుంటున్నారు. ఆమె నోరు తెరిచి, మూసేసి, పక్కకి జరిగింది.

"నువ్విచ్చిన ఉల్లిపాయే, అత్తా. ఇంకా బతికుంది."

మస్తానమ్మ వంగింది. వంగినట్టే ఉండిపోయింది.

బండి దగ్గర ఎవరో అరిచారు. "మస్తానక్కా! నూనె మాడతంది!"

"మాడనీయ్," అందామె, కన్ను తియ్యకుండా. కాసేపటికి చాలా చిన్నగా అడిగింది. "ఎక్కడికి పోతన్నయ్యే ఇయి?"

"గోడ దాకా పోయి వెనక్కొస్తాయి. చూస్తూ ఉండు."

బజ్జీల కోసం నిలబడ్డ వరస వంకర తిరిగి ఇటు సాగింది. అంత బజారులోనూ బాణలి చిటపట తప్ప ఇంకో చప్పుడు లేదు. మాస్టారు తాపీగా బండి దగ్గరికి వెళ్ళి, పొయ్యి తగ్గించి, తనే ఒక బజ్జీ తీసుకుని, అటు తిరిగి కూర్చున్నారు.

మస్తానమ్మ తరవాత ఆటో తోలే జిలానీ వంతు. వంగుతూ ఏదో మీటకి చెయ్యి తగిలించాడు.

"ఏం కనపడట్లేదు మేడమ్. అంతా తెల్లగా ఉంది. లైటు పెంచండి."

చారుమతి చెయ్యి గాజుపలక కింది మీట మీదికి వెళ్ళింది.