ఏ గుర్తు సరైనది

"ఒకే కెపాసిటర్‌కి ఇన్ని గుర్తులెందుకండీ మాస్టారూ? వీటిలో ఏది సరైనది?"

నసీమా ఈ మాట అడిగేటప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. తునిలో కృపాదానం మాస్టారి దగ్గర ఆమె రిపేరు పని నేర్చుకుంటోంది. అక్కడ చూసిన సర్క్యూట్ బొమ్మల్లో ఒక తిన్నని గీత, పక్కనే ఒక వంపు గీత ఉండేవి. తిన్నగా ఉన్నది ప్లస్సు, తేడాగా ఉన్నది మైనస్సు అని ఆమె మనసులో నాటుకుపోయింది. రిపేరుకిచ్చిన గవర్రాజు గారి యంత్రంతో వచ్చిన విదేశీ బొమ్మలో వంపు లేదు. ఒక నిండు గీత, దానికెదురుగా లోపల ఖాళీగా ఉన్న సన్నని పెట్టె. పెట్టె తేడాగా ఉంది గనుక అదే మైనస్సు అనుకుంది. ఆ బొమ్మ గీసినవాళ్ళ లెక్కలో మాత్రం ఆ పెట్టె ప్లస్సు. తిరగేసి బిగించిన కెపాసిటర్, స్విచ్చి వేసిన కాసేపటికి పేలి బోర్డును కూడా కాల్చేసింది.

క్యాన్సరుకి స్వరపేటిక తీసేసిన గవర్రాజు గారు ఆ యంత్రాన్ని మెడకి ఆనించుకునే మాట్లాడేవారు. మరొకటి తెప్పించడం ఆ ఇంట్లో అయ్యే పని కాదు.

మాస్టారు కాలిన యంత్రాన్ని గుడ్డలో చుట్టి, "పద, మనమే వెళ్ళి చెబుదాం" అన్నారు.

గవర్రాజు గారు అంతా విన్నారు. కోప్పడలేదు. యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, మసి పట్టిన చోట బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది అనిపించింది నసీమాకి. "మా ఆడపడుచుకి ఇప్పుడేం చెప్పాలి?" అని ఆయన భార్య సత్యవేణి గొణిగింది. సామర్లకోటలో ఉన్న ఆ చెల్లెలు నూకరత్నానికి చూపు లేదు. యంత్రం గొంతే అయినా సరే, రోజూ సాయంత్రం అన్నయ్య మాట వింటే గాని ఆవిడ అన్నం ముట్టదు.

ఇంతలో ఫోను మోగింది. సత్యవేణి అందుకోబోతే ఆయన వద్దని చెయ్యూపి తానే తీశారు.

"అన్నయ్యా, తిన్నావా?"

ఆయన పెదవులు కదిలాయి. ఆ తర్వాత గోటితో ఫోను మీద రెండుసార్లు తట్టారు.

"ఎవరూ? అన్నయ్యేనా?"

మళ్ళీ రెండుసార్లు, నింపాదిగా తట్టారు.

"లైన్లో ఏదో టకటకమంటోంది. మళ్ళీ చేస్తాలే," అని ఆవిడ పెట్టేసింది.

ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి దించలేదు. సత్యవేణి మొహం గోడవైపు తిప్పుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నసీమా వీధి మలుపులో ఆగిపోయింది. "ఇక ఈ పని నావల్ల కాదండీ. అందరూ ఒక్కలా గీస్తే ఏం పోయింది? ఏ గుర్తు సరైనదో, అదైనా చెప్పండి."

మాస్టారు కూడా ఆగారు.

"గవర్రాజు గారు సరిగ్గానే తట్టారమ్మా. ఆ తట్టుకి అర్థమేమిటో అన్నాచెల్లెళ్ళు ముందుగా అనుకోలేదు, అంతే," అన్నారు.