తలుపొల్లని స్వామి

సందెకొండ గుహాలయానికి వచ్చినవారు మొదట అడిగేది ఒకటే: గర్భగుడికి తలుపేది? ద్వారబంధం ఉంది, గడపకు పసుపు ఉంది, తలుపు మాత్రం లేదు. పొద్దు వాలగానే లోపలినుంచి బొటనవేలంత గబ్బిలాలు గుంపులుగా వెలువడతాయి. ఇవి పండ్ల జోలికి పోవు. కింది చేలలో దోమలను, పురుగులను పట్టి తింటాయి. అవన్నీ వెళ్లేదాకా పూజారి గంట ముట్టడు, దీపం వెలిగించడు. ఆకలితో బయలుదేరినవారికి అడ్డు నిలవరాదని ఇక్కడి నియమం.

పూర్వం ఈ కొండ కింద తిమ్మక్క అనే రైతు ఇల్లాలు ఉండేది. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఆమె మొక్కని రాయి లేదు, మునగని గుండం లేదు. ఒకనాడు ఈ స్వామి ఎదుట నిలబడితే పీఠం నిండా గబ్బిలాల పెంటికలు కనబడ్డాయి. మనసు చివుక్కుమంది. బిడ్డ పుడితే ఈ పాడు గబ్బిలాలు రాకుండా టేకు తలుపు చేయిస్తానని మొక్కుకుంది. పాపం, భక్తే! స్వామికి తలుపు కావాలా అని మాత్రం అడగలేదు.

మరుసటి ఏడు మగబిడ్డ పుట్టాడు. తిమ్మక్క మాట తప్పే మనిషి కాదు. పురుడు వెళ్లగానే తలుపు చేయించి, గబ్బిలాలు మేతకు పోయిన సందెవేళ చూసి తానే గడియ పెట్టింది. గుహ ఖాళీ అయిందనుకుంది. ఆ జాతి తల్లి ఏటా ఒక్క పిల్లనే కంటుందనీ, ఇంకా ఎగరలేని ఆ పసిదాన్ని లోపలి కప్పుకు వేలాడదీసి మేతకు వెళుతుందనీ ఆమెకు తెలియదు.

ఆ సందె నుంచి బిడ్డ పాలు తాగలేదు. రొమ్ము అందిస్తే మొహం తిప్పేశాడు. అమ్మలక్కలు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఏడ్చి ఏడ్చి పసివాడి గొంతు పోయింది. తెల్లవారుజామున తిమ్మక్కకు కునుకు పట్టగా స్వామి కలలో కనబడ్డాడు. కోపగించలేదు.

"అమ్మా, నీ బిడ్డ నీ ఒళ్లో ఉన్నాడు. నా ఇంట్లో ఎవరి బిడ్డలను బంధించావో చూసుకున్నావా?" అన్నాడు.

తిమ్మక్క దిగ్గున లేచింది. బిడ్డను చంకనేసుకుని కొండెక్కింది. చెక్క కనబడకుండా తల్లి గబ్బిలాలు తలుపును కరచుకుని ఉన్నాయి. లోపల సన్నని కీచులు. తిమ్మక్క గడియ తీసింది. తల్లులు లోపలికి ఎగిరి, అన్ని గొంతుల్లోనూ తమ పిల్ల గొంతు పోల్చుకుని, తమ తమ బిడ్డలను చేరాయి. కీచులు ఒక్కొక్కటే అణిగాయి. అప్పుడు చూసుకుంటే, చంకలో బిడ్డ తానే రొమ్ము అందుకుని పాలు తాగుతున్నాడు.

"కడుపుతీపి నాకొక్కదానికే ఉందనుకుంటిని సామీ" అని ఆమె గడప మీదనే కూలబడి ఏడ్చింది.

నాటినుంచి గుడికి తలుపు లేదు. ఆ టేకు చెక్కలతో తిమ్మక్క చేయించిన ఊయల మండపంలో నేటికీ వేలాడుతోంది. పాలు తాగని బిడ్డలను తల్లులు సందెవేళ అందులో పడుకోబెట్టి, గబ్బిలాలు వెళ్లాక గడప మీద కూర్చుని పాలు ఇస్తారు. గబ్బిలాలు పిల్లలు పెట్టే కాలంలో లోపల సాంబ్రాణి పొగ వేయరు. కింది చేలకు పురుగు పట్టకపోవడం స్వామి దయేనని రైతుల నమ్మకం. ఊయల పక్కచెక్కకు గడియ ఊడదీసిన చిల్లు ఇంకా ఉంది. స్వామికి ఏదైనా మొక్కుకోబోయేవారిని, ముందు ఆ చిల్లు చూసి రమ్మని పెద్దలు పంపుతారు.