గురువుగారికి విశ్రాంతి

నేతగాడి కొడుకు ఓబులేసు పన్నెండేళ్ళు ఓడలెక్కి తిరిగి, ఏ దేశంలో కూలీలు ఎలా కష్టపడతారో చదువుకుని వచ్చాడు. రాజుగారు అతన్ని విద్యాపీఠంలో తగవులు తీర్చే పనిలో పెట్టారు.

మొదటిరోజే తాటాకుల మీద రాసే లేఖకులు వచ్చి, బొబ్బలెక్కిన వేళ్ళు చూపించారు. "మా గురువు గండభట్టుగారు పొద్దున్నే గ్రంథం చెప్పడం మొదలుపెడితే ఆపకుండా చెబుతూనే ఉంటారయ్యా. గంటం కింద పెట్టే వీలే లేదు."

ఓబులేసు పిలిపించగా వచ్చిన గండభట్టు మండిపడ్డాడు. "నీడపట్టున కూర్చుని గీసేవాళ్ళకు విశ్రాంతా? కష్టమంతా నా గొంతుది!"

"నిజమే స్వామీ," అన్నాడు ఓబులేసు. "కష్టం తమరిదైతే విశ్రాంతీ తమరికే దక్కాలి. ఆకు నిండినప్పుడల్లా తమరు గడియసేపు మౌనంగా ఉండండి. వీళ్ళకు విశ్రాంతి లేదు. తమరు చెప్పిందల్లా రాయాల్సిందే."

గండభట్టు మురిసిపోయి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

మర్నాడు మొదటి ఆకు నిండగానే గురువుగారు దర్జాగా కళ్ళు మూసుకున్నారు. చెప్పేవాళ్ళు లేక లేఖకులు గంటాలు పక్కన పెట్టి, వేళ్ళకు నూనె రాసుకున్నారు.

"ఈ ఉపాయం ఎక్కడ నేర్చావయ్యా?" అని ముసలి లేఖకుడు గుసగుసలాడాడు.

"ద్వీపాల్లో తాతా. అక్కడ పాటగాడి పాటను బట్టే పడవవాళ్ళు తెడ్లు వేస్తారు. చేతులు నొప్పెడితే తమ సంగతి ఎత్తరు. 'పాపం, పాటగాడి గొంతెండిపోయింది, కాసిన్ని నీళ్ళివ్వండి' అంటారు."