ఒక్క గడీ ఖాళీ లేదు

నాగావళి ఒడ్డున పరదేశి స్వామి కట్టించిన కంటి ఆసుపత్రిలో బిల్లులు తప్పుల్లేకుండా ఎక్కించడం ఎలాగన్నది సౌమిత్రిని చాలాకాలంగా పట్టుకున్న సమస్య. మందులు, కటకాలు, దూది, కట్టుగుడ్డ పంపేవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో రకం బిల్లు. ఒకరు తేదీ పైన వేస్తారు, ఒకరు అడుగున వేస్తారు. ఇంకొకరి కార్బన్ కాగితం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే మనిషి, చదవలేని చోట ఖాళీ వదిలేసేది.

సౌమిత్రి విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని స్వామి దగ్గర చేరినవాడు. జపం కుదరలేదు గానీ ఈ పని కుదిరింది. సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. అందులో ఏ గడి ఖాళీగా ఉన్నా బిల్లు ముందుకు కదలదు. గడి ఎర్రబడుతుంది, గంట మోగుతుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరం పడితే ఒప్పుకోదు. లేని తేదీ వేస్తే ఒప్పుకోదు. చుట్టుపక్కల ఆసుపత్రుల వాళ్లు కూడా మాకూ ఇవ్వండని అడిగారు. ఇచ్చేముందు స్వామి చేత ఒక మంచి మాట అనిపించుకోవాలని అతని కోరిక.

ఆ పొద్దున లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేసరికి స్వామి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"ఏడాది బిల్లులు, స్వామీ. ఒక్క గడీ ఖాళీ లేదు."

స్వామి కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అన్నీ తెలిసినవేనా?"

"తెలియందే ఇది ముందుకు పోనివ్వదు, స్వామీ."

"అమ్మో! నాకంటే గట్టిదే. నేను తెలియకుండానే డెబ్భై ఏళ్లు లాక్కొచ్చాను."

సౌమిత్రి నవ్వేలోపు డాక్టర్ ఇందుమతి గబగబా వచ్చింది. చేతిలో ఫోను ఉంది. ఆపరేషన్ తర్వాత కంట్లో వేసుకోమని ఇచ్చే చుక్కల మందులో ఒక బ్యాచ్ చెడిపోయిందట. వాడొద్దని కంపెనీ కబురు పంపింది. కోసిన కంట్లో అది పడితే చూపు పోవచ్చు.

"అల్మరా అంతా వెతికించాను. ఆ నంబరుది ఒక్క సీసా లేదు. కానీ మనం ఇచ్చి ఇళ్లకు పంపేసినవో? కొండ ఊళ్లన్నీ తిరగాలంటే ఈ వారం ఆపరేషన్లు ఆపుకోవాలి. జీపు ఒక్కటే కదా మనకి. ఆ బ్యాచ్ అసలు మనకి వచ్చిందా, సౌమిత్రి గారూ?"

సౌమిత్రి ఆమె ఫోన్లోని బ్యాచ్ నంబరు కొట్టి బిల్లుల్లో వెతికాడు. రెప్ప వేసేలోగా జవాబొచ్చింది.

"రాలేదు మేడమ్."

"ఖాయమేనా?"

"ఒక్క గడీ ఖాళీ లేదు కదా మేడమ్. వచ్చి ఉంటే ఉండాలి."

"బతికించారు," అని ఆమె స్తంభానికి చేరగిలబడింది.

సౌమిత్రి స్వామి వైపు చూశాడు. స్వామి ఒడిలోని తొక్కలు దులుపుకుని లేచాడు.

"కట్లు విప్పే వేళయింది. నువ్వూ రా, నాయనా."

పూజ మానినా స్వామి ఆ వేళ మాత్రం మానడు. సౌమిత్రి వార్డులోకి ఎన్నడూ వెళ్లలేదు. అతని గది ఆఫీసు పక్కన. బిల్లులు వచ్చే దారి తప్ప, ఆ బిల్లుల్లోని దూదీ మందూ పోయే దారి అతనికి తెలియదు.

కిటికీ పక్క పొడవాటి బల్ల మీద ముసలివాళ్లు వరసగా కూర్చున్నారు. నర్సు ఒక్కో కట్టూ విప్పుతోంది. మొదటి మనిషి కట్టు ఊడగానే తన అరచెయ్యి ముఖం ముందు పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. రెండో ఆమె కిటికీ ఊచ మీద పడిన ఎండను వేలితో ముట్టుకుంది. సౌమిత్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు బయట విడవడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి విడిచి వచ్చాడు.

ఇందుమతి రెండు వేళ్లు చూపిస్తూ వరస వెంట నడిచింది.

"ఎన్ని?"

"రెండు."

"ఎన్ని?"

"రెండమ్మా."

"రెండు, డాట్రమ్మా!"

వరస చివర పోలమ్మ అనే ముసలమ్మ కూర్చుంది. డాక్టరు తన దగ్గరికి వచ్చిందో లేదో, "రెండు!" అంది, అందరికంటే గట్టిగా. వార్డంతా నవ్వింది. ఇందుమతి కూడా నవ్వి కాగితం మీద టిక్కు పెట్టింది.

వెనక వస్తున్న స్వామి పోలమ్మ ముందు ఆగాడు. పిడికిలి బిగించి ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఇప్పుడెన్నమ్మా?"

"రెండే బాబూ."

నవ్వు ఆగిపోయింది. స్వామి ఆ పిడికిలి అలాగే ఉంచి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అగుపడకపోతే అగుపడలేదని చెప్పమ్మా. ఎవరూ ఏమీ అనరు."

పోలమ్మ గొంతు తగ్గించింది.

"నేదు బాబూ. ఏటీ అగుపడనేదు. అందరికీ అగుపడ్డాదంటన్నారు గదా. నాకొక్కదానికే నేదంటే డాట్రమ్మ మనసు కట్టపెట్టుకుంటాదని, ముందోళ్లు సెప్పిందే సెప్పీసేను."

ఇందుమతి ఆమె రెప్ప ఎత్తి లైటు వేసి చూసింది. "లోపల వాపుంది. ఇవాళే చూశాం గనక సరిపోయింది," అని నర్సును పిలిచి, పోలమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

స్వామి పిడికిలి విప్పాడు. అందులో ఏమీ లేదు. సౌమిత్రి ఆ ఖాళీ చేతినే చూస్తూ నిలబడ్డాడు. స్వామి అతని వైపు చూడనైనా చూడలేదు.

సౌమిత్రి చెప్పులు వేసుకోకుండానే ఆఫీసు గదికి నడిచాడు. బిల్లులు ఎక్కించే నూకరత్నం కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చో. బ్యాచ్ నంబరు చెరిగిపోయి ఉంటే ఏం చేస్తావు, నూకరత్నం?"

"ఏం చెయ్యమంటారు సార్? ఖాళీ వదిలితే మీ పెట్టె ఊరంతా లేచేలా అరుస్తాది గదా. ముందెక్కించిన బిల్లులో నంబరే మళ్లీ కొడతాను. అప్పుడు నోరు మూసుకుంటాది."

అతనికి కోపం రాలేదు. లాప్‌టాప్ తెరిచాడు. నిండుగా ఉన్న గళ్లు. వాటిలో ఆమె చూసి కొట్టినదేదో, చూడలేక కొట్టినదేదో అతనికే తెలిసే దారి లేదు. ఆ దారి మూసింది తనే.

ఇందుమతి చేతులు కడుక్కుంటూ కనిపించింది.

"మేడమ్, ఆ బ్యాచ్ సంగతి."

"రాలేదన్నారు కదా?"

"తెలియదు మేడమ్."

ఆ మాట అనడం అతనికి కొత్త. ఇందుమతి కొళాయి కట్టేసి అతని ముఖంలోకి చూసింది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్లు ఆపి, జీపు కొండ ఎక్కింది. సౌమిత్రి కూడా ఎక్కాడు.

ఊరూరా తిరిగారు. కొందరి సీసాల మీద వేరే నంబర్లున్నాయి. చిట్టచివరి ఊళ్లో ఒక ముసలాయన చూరులోంచి చిన్న గుడ్డ మూట తీశాడు. ఖరీదైన మందు కదా, చూపు మళ్లీ మందగించినప్పుడు వేసుకుందామని మూత తీయకుండా దాచుకున్నాడట. ఇందుమతి సీసాను వెలుగుకు పట్టి నంబరు చదివింది. కంపెనీ చెప్పిన నంబరే అది.

ఆమె సీసాను సౌమిత్రికి అందించింది. ముసలాయన ఒకరి తర్వాత ఒకరిని చూసి, "ఏం బాబూ, పాడు సేసేనా?" అని భయంగా అడిగాడు. సౌమిత్రి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

కొండ దిగి వచ్చాక సౌమిత్రి గంట తీసేశాడు. ప్రతి గడి పక్కనా ఒక చిన్న మీట పెట్టాడు. దాని మీద ఒకే మాట ఉంటుంది: తెలియదు. అది నొక్కితే బిల్లు ఆగదు. గడి తెల్లగా ఉండిపోతుంది. ఆ తెల్ల గడిని వెతుక్కుంటూ ఎవరో ఒకరు మందు పంపినవాళ్లకు ఫోను చేస్తారు.

మరుసటి వారం లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ అరుగు దగ్గరికి వెళ్లాడు. స్వామి ఎదురుగా పోలమ్మ కూర్చుని, తనూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తి స్వామిని చూసి, మళ్లీ చూసింది.

"గెడ్డం ఇంత తెలుపనుకోనేదు బాబూ," అంది.

సౌమిత్రి స్వామి ముందు తెర తిప్పి పెట్టాడు. నిండిన గళ్ల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి తెల్లగా ఉన్నాయి.

"ఖాళీలు కనబడుతున్నాయి, స్వామీ."

స్వామి తెర వైపు చూడలేదు. చేతిలోని కాయ ఒలిచి గింజలు చేటలో వేశాడు.

"చూపొచ్చింది," అన్నాడు.